పేరు ఒకటే, వరుసలు రెండు

1984వ సంవత్సరం జూన్ నెల పద్నాలుగో తేదీ, గురువారం. ఉదయం పది దాటింది. మునగలంక చర్చిని ఆనుకుని ఉన్న చిన్న పెంకుటి గదిలో ఐదుగురు ఉన్నారు. బల్లకు ఒకవైపు పాస్టరు ఏసుదాసు, ఆయన కుడిపక్కన సంఘపెద్ద పాపారావు. బల్లకు రెండోవైపు, వాళ్లకు ఎదురుగా కృపానందం. గోడవారన బెంచీ మీద అతని తల్లి మార్తమ్మ, భార్య లీలావతి. బల్ల మధ్యన ఎర్రగుడ్డ అట్ట వేసిన బాప్తిస్మాల పుస్తకం. తొలకరి ముందరి గాలి కిటికీలోంచి వచ్చి దాని పుటలను ఎగరేస్తోంది.

వీళ్లు ఇక్కడికి ఎందుకు చేరారో ఒకసారి గుర్తు చేసుకోవాలి. కృపానందం అమలాపురంలో పదకొండేళ్లు నడిపిన అచ్చాఫీసు నిరుడు మూతపడింది. రంగుల పెళ్లిపత్రికలు రాజమండ్రి నుంచి బస్సు మీద వచ్చేస్తుంటే, కాలితో తొక్కే ట్రెడిల్ మీద నల్లసిరాతో వేసినవి ఎవరికీ పట్టలేదు. యంత్రం పాత ఇనుము కింద పోయింది. సీసపు అక్షరాలు తూకానికి పోయాయి. ఇరవై ఐదేళ్లు తన వేళ్ల చివర నిలబడ్డ అక్షరాలను గోనెసంచుల్లో పోసి కాటా మీద పెట్టించిన రోజు నుంచి అతను ఎవరితోనూ నిదానంగా మాట్లాడలేకపోతున్నాడు. ఏడాదిగా సైకిలు మీద ఊరూరా తిరిగి ఇంకొకరి ప్రెస్సుకు బిల్లుబుక్కుల ఆర్డర్లు పోగుచేస్తున్నాడు.

ఇంతలో రాజోలు దగ్గర ఒక ట్రస్టువారు తమ హాస్టలు విద్యార్థులకు అచ్చుపని నేర్పడానికి శిక్షకుడు కావాలని ప్రకటించారు. ఆ పని అతనికన్నా బాగా తెలిసినవాడు ఆ తాలూకాలో లేడు. అడ్డు ఒక్కటే. జూలై ఒకటో తేదీకి అభ్యర్థికి నలభై ఐదేళ్లు నిండి ఉండకూడదు. ఎస్సెల్సీ పుస్తకం ప్రకారం కృపానందానికి నలభై ఆరు. దరఖాస్తుకు గడువు ఎల్లుండి శనివారం సాయంత్రం.

ఆ ఆశ వదులుకున్న సమయంలో, వేరే కాగితం కోసం బాప్తిస్మాల పుస్తకం తిరగేసిన పాస్టరుకు కృపానందం పేరు రెండుచోట్ల కనిపించింది. తల్లిదండ్రులు వాళ్లే, పేరు అదే. పుట్టిన సంవత్సరాలు మాత్రం వేరు. రెండో వరుస నీదేనని మార్తమ్మ కొడుకుతో ఒప్పుకున్నది. మొదటిది ఎవరిదని అడిగితే, "నీ ముందువాడిది," అని ఊరుకున్నది. చనిపోయిన బిడ్డ పేరు తరువాతి బిడ్డకు పెట్టడం ఆ కుటుంబాల్లో ఉన్నదే కాబట్టి అతను ఇంకేమీ అడగలేదు. నలభై ఆరేళ్లవాడు ఒక్క పూటలో నలభై మూడేళ్లవాడయ్యాడు. దానికి సంతోషించాలో, పోయిన మూడేళ్లూ ఎవరి దగ్గర అడగాలో అతనికి తెలియలేదు.

"రెండు వరుసలూ పైకి చదువుతాను, అందరూ వినండి," అన్నారు ఏసుదాసు గారు కళ్లద్దాలు సర్దుకుంటూ. ఆయనకు చూపు మందం. వేలు ఆనించి పుటంతా ముక్కు దగ్గరకు తెచ్చుకుంటే తప్ప కనిపించదు. "ముప్పై ఎనిమిదో సంవత్సరం, వరుస సంఖ్య ఏడు. పేరు కృపానందము. తండ్రి సత్తియ్య, తల్లి మార్తమ్మ. పుట్టిన తేదీ మార్చి పన్నెండు. పక్క మార్జినులో పెన్సిలుతో, 'నకలు ఇవ్వబడినది, 5-6-52.' ఇది మీరు హైస్కూల్లో చేరినప్పుడు తీసుకున్న నకలే కదండీ?"

"ఆయ్. అదేనండి," అన్నాడు కృపానందం.

గాలికి పుట లేచింది. పాపారావు తన కళ్లద్దాల పెట్టెను మార్జిను మీద బరువుగా పెట్టాడు. పాస్టరు దానికి ధన్యవాదం చెప్పి, ఆ పుట దగ్గర వేలు ఉంచి, కొంత ముందుకు తిరగేశారు.

"నలభై ఒకటో సంవత్సరం, వరుస సంఖ్య నాలుగు. పేరు కృపానందము. తండ్రి సత్తియ్య, తల్లి మార్తమ్మ. పుట్టిన తేదీ జనవరి పంతొమ్మిది. ఇక్కడ మార్జిను ఖాళీ. అంటే ఈ వరుసకు ఇంతవరకూ ఎవరూ నకలు తీసుకోలేదన్నమాట."

"ఈ పుస్తకానికి మా నాన్నగారి తరవాత ఇరవై ఏళ్లు నేనే కాపలా కాసేనండి," అన్నాడు పాపారావు. అతనికి అరవై ఆరేళ్లు. అతని తండ్రి ఆ ఊరి సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి. యాభై ఏడులో చనిపోయారు. "ఆయన నకలు రాసేరంటే పొల్లు పోదు. కృపానందం పేరుతో కాగితం కావాలన్నారు, ముందు కనబడ్డ పేరు చూసి రాసేరు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పేరు పెట్టుకుంటే అది ఉపదేశి తప్పాండీ?"

"ఎదురుగా నిలబడ్డ కుర్రాడి మొహం చూడకపోవడం తప్పండి," అన్నాడు కృపానందం. "అప్పుడు నాకు పదకొండేళ్లు. పద్నాలుగని రాసి పంపేరు."

"నువ్వు పొట్టిగా ఉండేవాడివయ్యా. ఊరందరికీ తెలుసు."

"పొట్టిగా లేనండి. పదకొండేళ్లవాడిలా ఉన్నాను."

పాస్టరు నవ్వబోయి, కృపానందం ముఖం చూసి మానుకున్నారు. ఆ ముఖంలో నవ్వుకు చోటు లేదు. డ్రిల్లు మేష్టరు తనను వరుస చివరకు నెట్టి, 'పద్నాలుగేళ్లొచ్చేయి, ఎదుగూ లేదు బొదుగూ లేదు,' అని అందరి ముందూ అన్న మాట ముప్పై రెండేళ్ల తరువాత అతనికి నిన్నటి మాటలా వినిపిస్తోంది. లెక్కల్లో వెనకబడితే వయసుకు తగిన బుర్ర లేదన్నారు. ఆ మాటలన్నీ నమ్మి, తనలో ఏదో కొదవ ఉన్నదనుకుని, దాన్ని పూడ్చుకోవడానికే అతను రాత్రింబవళ్లు పనిచేశాడు. వాస్తవానికి తన వయసువాళ్లలో తను ఎప్పుడూ ముందే ఉన్నాడు. తనదికాని వయసుతో పోటీపడి ఓడిపోతూ వచ్చాడు.

"అరవై నాలుగులో హైదరాబాదులో ఒక పెద్ద ముద్రణాలయంలో కంపోజిటరు పని వచ్చిందండి," అన్నాడు పాస్టరుతో. "పరీక్షలో నేను మొదటివాణ్ణి. ఇరవై ఐదు దాటిందని కాగితం తిప్పి పంపేరు. అప్పటికి నాకు ఇరవై మూడు. ఆ పని దొరికుంటే ఈ పాటికి ఫోర్‌మన్‌నై ఉండేవాణ్ణి. సొంత ప్రెస్సు పెట్టేవాణ్ణి కాదు. సీసం సంచుల్లో పోసేవాణ్ణి కాదు."

"మా నాన్నగారు పెళ్లికి వెనకాడిందీ ఆ వయసు చూసేనండి," అన్నది లీలావతి బెంచీ మీద నుంచి. భర్త గొంతు ఎటు పోతున్నదో గ్రహించి దాన్ని మళ్లించడానికి అన్న మాట అది. "పదేళ్లు తేడా అని నెల్లాళ్లు నానబెట్టేరు. తీరా చూస్తే ఏడే. పాపం, ఆయన లేరు గానీ, ఉంటే ఒకసారి చూపించేదాన్ని."

ఈసారి పాస్టరు నవ్వారు. పాపారావూ నవ్వాడు. మార్తమ్మ మాత్రం బల్ల మీది పుస్తకాన్నే చూస్తోంది. ఎవరో పరాయివాళ్లు తన పెట్టె తెరిచినట్టుంది ఆమె చూపు.

"సరే, ఇక కాగితం," అన్నారు ఏసుదాసు గారు. "రెండో వరుసకు నకలు నేను ఇస్తాను. అది చాలదు. పేరూ తల్లిదండ్రులూ ఒకటే కాబట్టి, ఈ అభ్యర్థి మొదటివాడు కాడు, రెండోవాడేనని తేలాలి. అందుకు తల్లి వాంగ్మూలం కావాలన్నారు ట్రస్టువారు. నిన్న నేనే రాజోలు వెళ్లి కనుక్కున్నాను. ఇద్దరు సాక్షులు, నేనూ పాపారావు గారూ. అంతే. మార్తమ్మగారు సంతకం చేయగలరు కదా?"

"చేస్తారండి," అన్నది లీలావతి. "అయిదేళ్ల కిందట వయోజన బడిలో నేర్చుకున్నారు. గుణింతాలు కూడా చదువుతారు."

పాస్టరు తెల్లకాగితం తీసుకుని, నిదానంగా, ప్రతి మాటా నోట్లో అనుకుంటూ రాయడం మొదలుపెట్టారు. కృపానందం ఎదుటివైపు కూర్చుని ఆ అక్షరాలను తలకిందులుగానే చదువుతున్నాడు. కంపోజిటరుకు అది విద్య కాదు, అలవాటు. చేత్తో పట్టుకుని వరుసలు పేర్చే కూర్పుగరిటెలో అక్షరాలు తలకిందులుగానే నిలబడతాయి. అలా చదవడం వచ్చేదాకా ఆ పనిలోకి ఎవర్నీ రానివ్వరు.

"'మరణించెను' దగ్గర ఆగేరేమండీ?" అన్నాడు.

పాస్టరు ఉలిక్కిపడి తలెత్తారు. "అక్కణ్ణించే చదివేస్తున్నారా! మీ ముందు ఉత్తరం రాసుకోవడం కూడా కష్టమేనండీ." మళ్లీ కాగితం వైపు వంగి, "తేదీ కావాలి. 'నా జ్యేష్ఠ కుమారుడు కృపానందము ఫలానా నెలలో మరణించెను,' అని ఉండాలి. మన సమాధుల పుస్తకమంతా వెతికేను. అందులో ఎక్కడా లేదు. మార్తమ్మగారూ, ఏ నెలండీ? గుర్తున్నంతవరకూ చెప్పండి చాలు."

మార్తమ్మ ఒడిలో ఉన్న చేతులు ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాయి.

"అమ్మా, నిన్నే," అన్నాడు కృపానందం.

"ఆ మాట రాయకండి," అన్నది మార్తమ్మ.

"ఏ మాటండీ?"

"చచ్చిపోయేడన్న మాటండి. నేను చూడలేదు. చూడంది ఎలా చెప్పను?"

ముందుగా మాట్లాడినవాడు పాపారావు. "పాత సంగతులు ఇప్పుడెందుకు చెల్లెమ్మా? మీ పుట్టింట్లో జొరమొచ్చి పోయేడని సత్తియ్య అప్పుడే చెప్పేడు. మా నాన్నగారు ప్రార్థన కూడా చేసేరు. జొరమనే రాయండి అయ్యగారూ."

"జొరం లేదు, ఏమీ లేదండి," అన్నది ఆమె. పాపారావు వైపు చూడలేదు. పాస్టరుకే చెబుతోంది. "అంతర్వేది తీర్థానికెళ్లేమండి. నలభయ్యో సంవత్సరం మాఘంలో. మొక్కులకి కాదండి. తాటాకు బుట్టలూ విసనకర్రలూ అమ్ముకుందామని. అప్పటికి కూలిపనుల్లేవు. పిల్లాడికి రెండేళ్లు నిండబోతున్నాయి. వాళ్లనాన్న బుట్టలు మోసుకుని ముందు నడిచేడు. నేను పిల్లాడి చెయ్యి పట్టుకున్నాను. రథం కదిలిందండి. జనం ఒక్కసారే తోసేసేరు. చెయ్యి నా చేతిలోనే ఉందనుకున్నాను. తేరుకుని చూసుకుంటే నా చేతిలో ఉన్నది బుట్ట పిడండి."

లీలావతి అత్తగారి భుజం మీద చేయి వేసింది. ఆమె దాన్ని గమనించినట్టు లేదు.

"నాలుగురోజులు యేటిగట్టూ సముద్రపొడ్డూ తిరిగేం. పడవలవాళ్ల గుడిసె గుడిసెకీ వెళ్లి అడిగేం. అయిదోరోజు వాళ్లనాన్న అన్నాడూ, ఊళ్లో తీర్థానికెళ్లేమని చెబితే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వరు, ఉపదేశిగారు సంఘంలోంచి తీసేస్తారు, మీ పుట్టింట్లో జొరమొచ్చి పోయేడని చెబుదాం అని. పిల్లాడూ పోయి, సంఘమూ పోతే ఎలా బతుకుతామని అన్నాడు. నేను తలూపేను. ఆయన పోయేదాకా మళ్లీ ఆ మాట ఎత్తలేదండి. నేనూ ఎత్తలేదు."

ఏసుదాసు గారు కలం కింద పెట్టారు. "నేను ఆ రోజుల్లో ఇక్కడ ఉంటే…" అని ఏదో అనబోయారు.

"ఆ రోజులకి మీరు పుట్టలేదండి," అన్నది మార్తమ్మ, నిష్ఠూరం లేకుండా.

కృపానందం లేచి కిటికీ దగ్గరకు వెళ్లాడు. కాలువకు నీళ్లు వదిలి రెండు రోజులైంది. ఎర్రటి కొత్తనీరు చెత్తను తోసుకుంటూ పోతోంది. తనకు చెప్పని సంగతి ఇంత పెద్దదని అతను ఊహించలేదు. జాలి కలగవలసిన చోట అతనికి కోపమే ముందు వచ్చింది. ఆ కోపానికి సిగ్గుపడ్డాడు గానీ ఆపుకోలేకపోయాడు.

"అయితే నాకు ఆ పేరెందుకు పెట్టేవమ్మా?"

"బాప్తిస్మం రోజున పేరేటని అడిగేరు. నా నోటికి ఇంకో పేరు రాలేదురా."

"నోటికి రాలేదా? లేకపోతే ఆయన వస్తాడని ఆ పేరు పట్టుకుని కూర్చున్నావా? చెప్పు. నేను పుట్టింది ఆయన్ని పిలవడానికా?"

"ఏవండీ," అన్నది లీలావతి మెల్లగా.

మార్తమ్మ మాత్రం ఆ ప్రశ్నను సూటిగానే తీసుకుంది. "సాయంత్రాలు గుమ్మంలో నిలబడి వాణ్ణి పిలిచేదాన్ని. ఎవరికీ అనుమానం రాకుండా, నీకోసం అన్నట్టు. నాకు తెలుసు, నేను పిలిచేది వాణ్ణని. నువ్వు చెరువుగట్టు దగ్గర్నించి 'వస్తన్నానే' అని పలికేవాడివి. వాణ్ణి పిలిస్తే నువ్వు పలికేవాడివిరా నందం. బాధగానూ ఉండేది, బావుండేదీ."

"నా బడికాగితం మీద ఆయన పుట్టినరోజు ఉందని నీకెప్పుడు తెలిసింది?"

ఆమె పైటకొంగు సర్దుకుంది. ఆ సర్దుకోవడమే జవాబని అతనికి అర్థమైంది.

"అక్షరాలొచ్చేక," అన్నది చివరికి. "నీ పెట్టె సర్దుతా చూసేను. మార్చి అని ఉంది. నువ్వు పుట్టింది సంక్రాంతి వెళ్లిన వారానికి."

"అయిదేళ్లయింది! నిరుడు ప్రెస్సు పోయినప్పుడు తెలుసు. వయసు మీరిందని రెండుచోట్ల పొమ్మన్నప్పుడు తెలుసు. పక్కనే కూర్చుని అన్నం పెట్టేవు. ఒక్క మాట చెప్పలేదు."

"చెబితే ఆ కాగితం మార్చేస్తావు. వాడి పుట్టినరోజు ఈ భూమ్మీద ఒక్క కాగితం మీదైనా నడుస్తోంది కదా అనుకున్నాను." మార్తమ్మ కొడుకు వైపు తిరిగింది. "నీ వయసు తినేస్తోందని నాకు తట్టలేదురా. వయసు కాగితం తినేస్తుందని నాకేం తెలుసు?"

కృపానందం వచ్చి మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాడు. అచ్చుపనిలో ఒక వాక్యంలో ఒక మాట తప్పుగా పడితే, ఆ ఒక్క మాటా తీసి సరైనది పెడితే చాలదు. సరిపడినంత ఖాళీ లేకపోతే ఆ వరుసంతా కదులుతుంది, కింద వరుస కదులుతుంది, ఒక్కోసారి పుటంతా విప్పి కట్టాలి. తన పుటను విప్పడానికి మిగిలింది రెండు రోజులు.

"మరణించెను వద్దంటే ఏం రాయాలండీ?" అని అడిగాడు పాస్టరును. గొంతు అణుచుకున్నాడు. "తప్పిపోయెను అని రాస్తే?"

ఏసుదాసు గారు నుదురు రుద్దుకున్నారు. "నాకు అదే న్యాయంగా కనబడుతోందండి. కానీ ఆలోచించండి. మొదటివాడు తప్పిపోయేడని రాసేమనుకోండి. తప్పిపోయినవాడు దొరికేడేమో, ఇప్పుడు దరఖాస్తు పెట్టింది వాడేనేమో, వయసు దాటిందని తమ్ముడి తేదీ వాడుకుంటున్నాడేమో అని వాళ్లు అడగొచ్చు. అడిగితే మన దగ్గర జవాబు లేదు. విచారణ అంటారు. శనివారం దాటిపోతుంది."

"అందుకే చెబుతున్నాను, చచ్చిపోయేడనే రాయండి," అన్నాడు పాపారావు. మాట అవసరానికి మించి త్వరగా వచ్చింది. "నలభై నాలుగేళ్లండీ! ఏడేళ్లు కబురు లేకపోతే చట్టమే పోయినట్టు లెక్క కడుతుంది. ఉన్నవాడి నోటి దగ్గర కూడు తీసి లేనివాడికి పెడతావా చెల్లెమ్మా? నీ కొడుకు సైకిలు మీద ఎండలో తిరుగుతున్నాడు, చూడ్డం లేదూ?"

"చూస్తన్నానండి," అన్నది మార్తమ్మ.

ఆమె లేచి బల్ల దగ్గరకు వచ్చింది. కొడుకు పక్కన నిలబడి, అతని ముఖంలోకి చూసింది.

"వాళ్లిద్దరి మాటా కాదు. నువ్వు చెప్పు. నువ్వు రాయమంటే రాస్తాను."

అతను ఇలాంటి ప్రశ్న ఎదురవుతుందని అనుకోలేదు. పాస్టరు రాయమన్నారు, పెద్దాయన రాయమన్నారు, గడువు రాయమన్నది అని చెప్పుకునే వీలు ఆమె ఒక్క మాటతో తీసేసింది. అతనికి రాజోలు హాస్టల్లో కొత్త యంత్రం పక్కన ఖాళీగా ఉన్న స్థానం కనిపించింది. అరల నిండా మెరుస్తున్న అక్షరాలు కనిపించాయి. తనకు అన్న అని పిలవడం కూడా అలవాటు లేని రెండేళ్ల పిల్లవాడొకడు ఎక్కడా కనిపించలేదు.

"రాయమ్మా," అన్నాడు.

ఆమె తల ఊపింది. పాస్టరు, ముప్పై ఎనిమిదో సంవత్సరపు వరుస సంఖ్య కాగితంలో చేర్చడానికి పుస్తకాన్ని మళ్లీ వెనక్కి తిరగేసి, మొదటి పుట దగ్గర తెరిచి ఉంచారు. పాపారావు కళ్లద్దాల పెట్టె మళ్లీ ఆ మార్జిను మీదికే చేరింది. 'నలభయ్యో సంవత్సరము మాఘమాసములో మరణించెను' అని వాక్యం పూర్తయింది.

"ఆ మాట ఎక్కడుందండీ?" అని అడిగింది మార్తమ్మ.

పాస్టరు చూపించారు. ఆమె చూపుడువేలు దాని మీద ఆనించి, బడిలో నేర్చుకున్నట్టు ఒక్కొక్క అక్షరమే పలికింది. "మ. ర. ణిం. చె. ను." అక్కడితో చదవడం ఆపి, కాగితం అడుగున, అయిదు నిమిషాలు పట్టినట్టుగా అనిపించిన శ్రద్ధతో, తన పేరు రాసింది. 'ర'కు 'త' ఒత్తు సరిగా కుదరక మళ్లీ దిద్దింది. దిద్ది, కలం బల్ల మీద పెట్టి, లీలావతి పక్కకు వెళ్లి కూర్చుంది. కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకోవలసింది ఏమీ లేదు.

పాస్టరు సాక్షి సంతకం చేశారు. తరువాత పాపారావు వంతు. సంతకం పెట్టడానికి అతనికి కళ్లద్దాలు కావాలి. పెట్టె తీశాడు, తెరిచాడు, అద్దాలు పెట్టుకుని కాగితం మీదికి వంగాడు.

మార్జిను బయటపడింది.

కృపానందం చూడాలని చూడలేదు. అతని కంటికి తలకిందుల అక్షరం ఎదురైతే అది తనంతట తానే చదువుకుంటుంది. 'నకలు ఇవ్వబడినది, 5-6-52' అని పాస్టరు పైకి చదివిన మాటలు ఉన్నాయి. వాటి కింద, పెన్సిలు బాగా వెలిసి, అంతవరకూ పెట్టె కింద ఉన్న మరో వరుస ఉంది.

'రెండవ నకలు ఇవ్వబడినది, 21-9-61.'

అరవై ఒకటిలో కృపానందం రాజమండ్రిలో కంపోజిటరు. నకలు అడగలేదు, అడిగే అవసరమూ లేదు. తన తండ్రి చదువురానివాడు. తల్లికి ఆనాటికి అక్షరాలు రావు. మొదటి కృపానందం బతికి ఉంటే, ఆ సంవత్సరానికి ఇరవై మూడేళ్లవాడు.

యాభై రెండు నాటి రాత ఉపదేశిగారిది. గుండ్రంగా, దగ్గరదగ్గరగా ఉంది. అరవై ఒకటికి ఆయన చనిపోయి నాలుగేళ్లు. కింది వరుసలో తలకట్లు అక్షరాలకు అంటకుండా, కుడివైపుకు ఎగిరిపోతున్నట్టుగా ఉన్నాయి. ఆ తలకట్లు కృపానందానికి బాగా తెలుసు. ఆ చేతిరాతలో ఉన్న కీర్తనల పుస్తకాన్ని అతను మూడుసార్లు అక్షరం అక్షరం కూర్చి అచ్చువేశాడు. అవే తలకట్లు ఇప్పుడు, జానెడు దూరంలో, సాక్షి సంతకంగా తడిసిరాతో కాగితం మీద పడుతున్నాయి. ఆ రెండో నకలు ఎవరు వచ్చి అడిగితే రాసిచ్చాడో పాపారావుకు తెలుసు.

సంతకం ముగించి పాపారావు తలెత్తాడు. కృపానందం చూపు ఎక్కడ ఉన్నదో చూశాడు. అతని చేయి కళ్లద్దాల పెట్టె వైపు కదిలి, మధ్యలో ఆగిపోయింది. ఆ ముసలి ముఖంలో ఇంతవరకూ ఉన్న పెద్దరికం తొలగి, దాని వెనక ఒక బతిమాలుకోలు కనిపించింది.

పాస్టరు ఇవేవీ గమనించలేదు. కాగితాన్ని సిరా ఆరేదాకా గాలికి ఆడించి, కృపానందం చేతికిచ్చి, పుస్తకం మూసి, ఎర్రగుడ్డ అట్ట మీద అరచేయి ఉంచారు. "దేవుడు మీకు మేలు చేస్తాడండి. పదకొండున్నర బస్సు అందుతుంది, వెళ్లండి."

కాగితం అతని చేతిలో ఉంది. ఇప్పుడు నోరు విప్పి 'ఆ పుస్తకం మళ్లీ తెరవండి' అంటే, దాని మీద ఉన్న మాట అబద్ధమని తేలవచ్చు. తేలితే ఆ కాగితం చెల్లదు. రాజోలు యంత్రం పక్కన ఇంకెవరో నిలబడతారు. విప్పకపోతే, బతికి ఉన్నాడేమో తెలియని కొడుకును తల్లి చేత చంపించినవాడు తనే.

"నందం," అని పిలిచింది మార్తమ్మ బెంచీ మీద నుంచి. పిలిచింది తననేనా అన్న అనుమానం జీవితంలో మొదటిసారి అతనికి కలిగింది. "నువ్వు ప్రూఫులు దిద్దేవాడివి కదరా. ఒకసారి చూసుకో. అందులో తప్పులేం లేవు కదా?"

పాపారావు అతన్నే చూస్తున్నాడు.

"లేవమ్మా," అన్నాడు కృపానందం.

కాగితాన్ని రెండుసార్లు మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, బొత్తాం పెట్టాడు.